కావాలని తప్పిన పరీక్ష

చేతిలోకి తీసుకున్న రాయిని తిరిగి నేలమీద పెట్టకూడదని రాతిగట్లు కట్టేవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. అది ఎక్కడ కూర్చుంటుందో తీసేముందే కంటికి తెలిసి ఉండాలి. పోల్వెన్నా ఊరి చుట్టుపక్కల పొలాలకు సముద్రపు గాలి తగలకుండా గట్లు కట్టిన పెట్రోక్ నాంకారో, పెళ్ళయిన నాటినుంచి ఒక్క రాయినైనా కింద పెట్టగా అతని భార్య లవ్‌డే చూడలేదు. ఆమె బడి బస్సు నడుపుతుంది. పిల్లల్ని దింపి వచ్చాక బస్సును దారి పక్కన ఆపి, అతనికి మాంసం కూరి కాల్చిన ఒక పేస్టీ ఇచ్చి, తానొకటి తింటూ, ఆ పని చూస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం అతను ఒక రాయిని తీశాడు, తిప్పి చూశాడు, కింద పెట్టాడు. కాసేపాగి దాన్నే మళ్ళీ తీశాడు.

"ఏంటి, అలిగిందా నీమీద?" అంది లవ్‌డే.

"రాయి బాలేదు" అన్నాడు పెట్రోక్.

రాయి బాగానే ఉంది. ఆమె నవ్వింది గానీ, పేస్టీ సగంలోనే కాగితంలో చుట్టేసింది.

పెట్రోక్ తండ్రి తగరం గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక కొడుకును గట్లు కట్టే మేనమామ దగ్గర పనికి పెట్టాడు. పద్దెనిమిదో ఏట ఒక శనివారం పోల్వెన్నా రగ్బీ జట్టులో ఒకడు రాకపోతే, మట్టి బూట్లతో పొలం నుంచి వచ్చిన ఈ కుర్రవాణ్ణి లాక్కెళ్ళి స్క్రమ్ అనే తోపులాట ముందువరుసలో కుడివైపున నిలబెట్టారు. కుడి స్తంభం అనే ఆ చోటు అతనిదైపోయింది. ఎనిమిది మంది ఒకవైపు, ఎనిమిది మంది మరోవైపు పొట్టేళ్ళలా ఢీకొన్నప్పుడు ఆ బరువంతా కుడి స్తంభం మెడమీద పడుతుంది. స్తంభం వంగితే ఇల్లు కూలుతుంది. అతను పదహారేళ్ళు వంగలేదు. రెండో శ్రేణి లీగంటే పేరుకు వృత్తి ఆట. వచ్చే జీతంతో ఇల్లు గడవదు కనుక ఇంకో పని వచ్చినవాళ్ళలో ఒకడు గోడలకు సున్నం వేస్తాడు, ఒకడు చేపల లారీ నడుపుతాడు, శనివారం అందరూ తలలు తెచ్చి ఆటలో పెడతారు.

రాయి కింద పెట్టడానికి ముందు శనివారం, బురదలో ఎవరిదో మోకాలు పెట్రోక్ కణతకు తగిలింది. లేచాడు గానీ ఎదుటి జట్టువైపు నడిచాడు. గాయాలు చూసే ఫిజియో పరుగెత్తుకొచ్చి, ఏ మైదానం, ఎన్నో సగం, చివరగా గీత దాటి ట్రై కొట్టింది ఎవరు అని అడిగింది. ఇవి అడగడం నిబంధన. పక్కనే జోవన్ ట్రెగియర్ బూటు తాడు కట్టుకుంటున్నాడు. స్క్రమ్‌లో పెట్రోక్ భుజానికి భుజం కట్టి ఆడేవాడతను.

"సొంత మైదానంలో, అదీ రెండో సగంలో, వాళ్ళ పదకొండో నంబరోడు ట్రై కొట్టి పోతుంటే దిష్టిబొమ్మల్లా చూశాం. సిగ్గులేదురా మనకి?" అని జోవన్ గాలిలోకి తిట్టాడు.

పెట్రోక్ మూడు జవాబులూ చెప్పాడు. ఫిజియో విన్నది. విననట్టు రాసుకుంది.

అంతటితో అయిపోలేదు. తలకు దెబ్బ తగిలినవాడు వారం లోపల కంప్యూటరు ముందు ఇంకొక పరీక్ష రాయాలి. మాటలు గుర్తుపెట్టుకోవాలి, బొమ్మలు పోల్చాలి, వెలుగు కనబడగానే మీట నొక్కాలి. వచ్చిన ఫలితాన్ని జూలైలో, సీజన్ మొదలుకాకముందు, తల నిమ్మళంగా ఉన్నప్పుడు రాసిన పరీక్షతో పోలుస్తారు. తగ్గితే ఆట లేదు. ఆటగాడి మెదడును కాపాడటం కోసమే ఈ ఏర్పాటని నిబంధనలో స్పష్టంగా రాసి ఉంది. నిబంధనలో రాయనిది మైదానంలో అందరికీ తెలుసు. జూలైలో కావాలని చెడగొట్టాలి. వచ్చిన మాటలు రాలేదనాలి, మీట ఆలస్యంగా నొక్కాలి. "కొలబద్దనే పొట్టిగా నరికేస్తే ఎవడైనా పొడుగే" అని పాతవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పుతారు. జోవన్‌కు నేర్పింది పెట్రోకే. ప్రతి జూలైలోనూ అతను ఇంటికొచ్చి, "ఈసారి గొర్రె కంటే ఒక మార్కు ఎక్కువొచ్చింది" అనేవాడు. లవ్‌డే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. క్లబ్బులో బట్టలుతికేవాడికి తెలుసు, అధ్యక్షుడికి తెలుసు, అంత పెద్ద మనుషులంతా ఒకేసారి మందబుద్ధులెలా అయ్యారని ఏ జూలైలోనూ అడగని క్లబ్బు డాక్టరుకు తెలుసు. తెలిసీ అడగకపోవడం తెలియకపోవడం కాదు. అది ఒక నిర్ణయం.

అక్టోబరు పరీక్ష పెట్రోక్ నెగ్గాడు. తరువాతి శనివారం ఆడాడు.

క్రిస్మస్‌కు పోల్వెన్నా పట్టికలో అడుగున ఉంది. కింది శ్రేణికి జారితే సగం జట్టు చెల్లాచెదురవుతుంది. కుడి స్తంభానికి వేరే మనిషి లేడు. ఉన్న కుర్రవాడి భుజం విరిగింది.

"మానెయ్యి" అంది లవ్‌డే, గిన్నెలు కడుగుతూ.

"ఈస్టర్ దాకా."

"ఈస్టర్‌కి ఏముంది?"

"అప్పటికి జారకుండా ఉంటే చాలు. తర్వాత నీ ఇష్టం. కావాలంటే మీ అమ్మతో చర్చికి కూడా వస్తా."

"నువ్వు పొద్దున్న రెండుసార్లు గడ్డం గీసుకున్నావు, పెట్రోక్."

"నున్నగా ఉండొద్దా మరి?" అని అతను ఆమె చెంపకు తన చెంప ఆనించాడు. ఆమె తోసెయ్యలేదు. తోసెయ్యవలసిందని తరువాత చాలా రోజులు అనుకుంది.

ఫిబ్రవరిలో ఉత్తరాదికి వెళ్ళి ఆడినప్పుడు మళ్ళీ దెబ్బ తగిలింది. తిరుగు ప్రయాణంలో అతను జోవన్‌ను అడిగాడు: "ఆటకి పోతున్నామా, ఆడేసి వస్తున్నామా?" బస్సంతా ఘొల్లుమంది. జోవన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. పరీక్ష మళ్ళీ నెగ్గాడు. నిజంగానే ఇప్పుడతని తల, జూలైలో అతను నటించిన తలతో సమానమైంది.

మార్చిలో ఒక రైతు లవ్‌డేకు ఫోన్ చేశాడు.

"కంగారు పడకమ్మా. మీ ఆయన మా దగ్గరున్నాడు. కిందటేడు ఆయనే కట్టాడు చూడు గేటు పక్క గట్టు, దాన్ని విప్పేస్తున్నాడు. పొద్దుట్నుంచీ."

"ఎందుకంట?"

"ఎవడో చేతగానోడు కట్టాడంటున్నాడు. నేనొక్క మాట అన్లేదమ్మా. టీ ఇచ్చాను. గొర్రెలు రోడ్డెక్కాయంతే."

ఆమె వెళ్ళేసరికి చక్కగా నిలిచిన గట్టు ఒక బస్సు పొడవున నేలమీద పరిచి ఉంది. పెట్రోక్ దాని మధ్య కూర్చుని, చేతిలోని రాయిని ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

ఆ మాట క్లబ్బుకు చెప్పింది. విశ్రాంతి ఇస్తామన్నారు, రెండు వారాలు ఇచ్చారు. సీజన్ చివరి శనివారం మళ్ళీ పిలిచారు. ఆమె తాళం చెవులు దాస్తే జోవన్ కారులో వెళ్ళాడు. పోల్వెన్నా నెగ్గింది, జారలేదు. పెట్రోక్‌ను భుజాలమీద ఊరేగించారు. ఊరేగింపు ఎందుకో అతనికి తెలియలేదని అతన్ని మోసినవాళ్ళకు తెలియదు.

మే నెలలో విచారణ జరిగింది. ఆటవల్లే మెదడు దెబ్బతిన్నదని తేలితే జీవితాంతం వైద్యం బీమావారు చూడాలి. తేలకపోతే లేదు. క్లబ్బు పై అంతస్తులో, బల్లకు అటువైపు అధ్యక్షుడు, డాక్టరు, బీమావారి లాయరు. ఇటువైపు పెట్రోక్, లవ్‌డే, ఆమె బతిమాలి సాక్ష్యానికి తెచ్చుకున్న జోవన్. లాయరు జూలై ఫలితాన్నీ మే ఫలితాన్నీ పక్కపక్కన పెట్టాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు.

"తేడా ఏమీ లేదండీ. మిస్టర్ నాంకారో మొదట్నుంచీ ఇంతేనని కాగితాలు చెబుతున్నాయి."

"ఇంతే కాదు" అంది లవ్‌డే. "చర్చి పాటలన్నీ పుస్తకం చూడకుండా పాడేవాడు. జూలైలో కావాలని తప్పాడు. అందరూ అంతే చేస్తారు. ఈ గదిలో ఎవరికి తెలీదు ఆ సంగతి?"

అధ్యక్షుడు కిటికీలోంచి మైదానం చూశాడు. డాక్టరు కలానికి మూత పెట్టాడు.

"వారినే అడుగుదాం" అని లాయరు పెట్రోక్ వైపు తిరిగాడు. "జూలై పరీక్ష మీరు కావాలని చెడగొట్టారా?"

లవ్‌డే అతని చెయ్యి పట్టుకుంది. అతను నిజం ఒప్పుకుంటే మోసగాడవుతాడు, కాని మనిషిగా దక్కుతాడు. పెట్రోక్ చాలాసేపు ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడు. అది ఆమెకు అతని నుదుటిమీద కనిపించింది.

"లేదండీ" అన్నాడు. "నేనట్టాంటి పని చెయ్యను. నా శాయశక్తులా రాసుంటాను."

అతను అబద్ధమాడలేదు. రుజువు చేసే భారం దెబ్బ తిన్నవాడి మీదే ఉంచారు. ఆ రుజువు దాచుకున్న చోటే దెబ్బ తగిలింది.

లవ్‌డే జోవన్ వైపు చూసింది. అధ్యక్షుడూ కిటికీ వదిలి అతని వైపు చూశాడు. జోవన్ తన పెద్ద చేతుల్ని బల్లకింద పెట్టుకున్నాడు.

"నాకు తెలీదండీ" అన్నాడు. "నా మట్టుకు నేను సరిగ్గానే రాశాను."

ఆటవల్లనని తేలలేదని రాసుకుని, మరి కాసేపటికి అంతా లేచారు. లాయరు లవ్‌డేకు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

కార్లు నిలిపేచోట జోవన్ ఆమెకు అడ్డం వచ్చాడు. "వచ్చే వారం క్లబ్బుతో కొత్త ఒప్పందానికి నా సంతకం ఉంది, లవ్‌డే. ఇద్దరు పిల్లలు. నాకింకో పని రాదు."

"ఆయనకి వచ్చు, ఇంకో పని" అంది ఆమె. ఆగి, సరిదిద్దుకుంది. "వచ్చేది."

జోవన్ కారుకు ఆనుకుని, మొహం మోచేతిలో దాచుకుని ఏడ్చాడు. వెనకనుంచి పెట్రోక్ వచ్చాడు. అతని చంక కిందుగా చెయ్యి దూర్చి, చొక్కా గట్టిగా గుప్పిట పట్టి, భుజానికి భుజం ఆనించాడు. ఆ పట్టులో తడబాటు లేదు.

"ఏంట్రా అబ్బాయ్? ఓడిపోయామా?"

జోవన్ ఇంకా గట్టిగా ఏడ్చాడు.

"ఊరుకో. నీ తప్పు కాదులే. నేనే ఎక్కడో జారుంటాను."

లవ్‌డే తాళం చెవులు పట్టుకుని నిలబడింది. తప్పు పెట్రోక్‌ది కాదని చెప్పడానికి నోరు తెరిచింది. చెబితే ఎవరిదని అడుగుతాడు. పేర్లన్నీ చెప్పాలి. సాయంత్రానికి మళ్ళీ చెప్పాలి. ఆమె కారు తలుపు తీసి, అతను జోవన్‌ను వదిలేదాకా ఆగింది.