ఏడో నెలలో మంచమెక్కాను

ఏడో నెల మొదలైన వారానికి, బడిలో మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్తుండగా చీర తడిసింది. నొప్పేమీ లేదు. ఎర్రగా కనిపించేసరికి కుర్చీలో కూర్చుండిపోయాను. అంతకు రెండేళ్ల ముందు నాలుగో నెలలోనే ఒకసారి కడుపు పోగొట్టుకున్నదాన్ని.

నంద్యాల డాక్టరమ్మ స్కానింగ్ చూసి, గర్భసంచిలో మాయ కిందికి ఉందని చెప్పింది. "బిడ్డ బాగానే ఉంది. మీరు మాత్రం మంచం దిగకూడదు. మళ్లీ రక్తం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు" అంది. మా ఊరు ఆళ్లగడ్డ నుంచి ఆమె దగ్గరికి గంటకు పైగా ప్రయాణం. మా ఆయన ఉద్యోగం డోన్‌లో. ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు.

ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా. పెళ్లయి నాలుగేళ్లయినా ఆమెతో అవసరానికి మించి మాట్లాడింది లేదు. ఆమె గొంతంటేనే నాకు భయం. ఆ రోజు ఇంటికి రాగానే మంచానికి కాళ్ల వైపు రెండు కోళ్ల కింద బేతంచెర్ల బండ ముక్కలు పెట్టి ఎత్తు చేసింది. మర్నాటి నుంచి పక్కలో పెట్టిన బేసిన్ కూడా ఆమే తీసేది. నేను మొహం తిప్పుకుని ఏడుస్తుంటే, "సిగ్గేంది మే? కాలు కింద పెట్టినావంటే మాత్రం ఊరుకోను" అంది.

బయట బస్సు హారన్ వినిపించినా ఉలిక్కిపడేదాన్ని. గంటకోసారి గుడ్డ చూసుకునేదాన్ని. అన్నం తిన్నాక బిడ్డ కదలికలు లెక్కపెట్టమంది డాక్టరమ్మ. ఒక మధ్యాహ్నం ఎంతసేపు చూసినా కదలిక లేదు.

"అత్తా, కదలడం లేదు" అన్నాను.

ఆమె చన్నీళ్లలో బెల్లం కలిపి తాగించింది. నన్ను ఎడమ పక్కకు తిప్పి, పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. చాలాసేపటికి తనంతట తానే చెప్పింది.

"నీ మొగునికంటే ముందు నాకిద్దరు పోయినారు. రెండోతూరి గూడా రక్తం పోతాంటేనే కల్లంలో పని చేస్తాంటి. నన్నెవరూ పండుకోమన్లేదు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆ చేతి కిందే బిడ్డ తన్నింది. "ఉంది, ఉందిలే" అంటూ అత్త లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎనిమిదో నెల చివర్లో ఒక పొద్దున, ఆమె నాకు తల దువ్వుతుండగా మళ్లీ రక్తం. ఈసారి ఆగలేదు. అత్త కొంగు బిగించుకుని రోడ్డు మధ్యలోకి పోయి, నంద్యాల వైపు జనంతో పోతున్న జీపును ఆపింది.

"దిగండప్పా, అందరూ దిగండి! నా కోడలు సస్తాంది!"

మారుమాట లేకుండా అందరూ దిగారు. ఇద్దరు మగవాళ్లు నన్ను మంచం మీదే మోసుకొచ్చి ఎక్కించారు. పక్కింటావిడ డోన్‌కు ఫోన్ చేయడానికి ఎస్టీడీ బూతుకు పరిగెత్తింది. దారంతా అత్త నా కాళ్లు ఒడిలో పెట్టుకుని, "తంతాందా?" అని అడుగుతూనే ఉంది. నాకేమీ తెలియడం లేదు. అయినా "తంతాంది" అని అబద్ధం చెప్పాను.

ఆపరేషన్ చేసి పాపను తీశారు. రెండు కిలోలు కూడా లేదు. నేరుగా గాజు పెట్టెలో పెట్టారట. నాకు మెలకువ వచ్చేసరికి మా ఆయన పక్కన ఉన్నాడు. పాప బతికే ఉందని ఎంత చెప్పినా నమ్మలేకపోయాను. మూడో రోజు చక్రాల కుర్చీలో తీసుకెళ్లి చూపించారు. చిన్న పొట్ట ఎగిరెగిరి పడుతూ ఉంది.

పద్దెనిమిది రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. భయం మాత్రం ఏడాది దాకా పోలేదు. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒకరోజు పెరట్లోంచి వస్తూ చూస్తే, అత్త కూడా ఉయ్యాల మీదికి వంగి అదే పని చేస్తోంది.