‘భుజం’ అని కొడితే ఏమీ రాలేదు

సైకిల్ షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఉన్న ఇంట్లో ముందు గది ఆమెది. గోడకు కప్పీలు, వాటికి వేలాడే తాళ్లు, ఒక ఎత్తైన బల్ల, కొక్కేలకు తగిలించిన రబ్బరు పట్టీలు, మూలన వేడినీళ్ల సంచులు. భుజం పట్టేసినవాళ్లు, నడుం నొప్పివాళ్లు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు ఆ గుమ్మం ఎక్కుతారు. మూలుగుతూ ఎక్కినవాళ్లు కొన్ని వారాలకు కబుర్లు చెప్పుకుంటూ దిగుతారు. ఫిజియోథెరపిస్టు అన్న మాటకు నోరు తిరగనివాళ్లు ఆమెను వేళ్లమ్మ అంటారు. ఆ పేరు పెట్టిందెవరో గానీ గమనించే పెట్టారు. ఆమెకు చూపు లేదు. కండ ఎక్కడ బిగుసుకుందో, కీలు ఎక్కడ మొరాయిస్తోందో ఆమె వేళ్లే చూసి చెబుతాయి.

చూపు పుట్టుకతో పోయింది కాదు. హైస్కూల్లో ఉండగా వచ్చిన జ్వరం దాన్ని తీసుకుపోయింది. ఏడ్చినన్నాళ్లు ఏడ్చింది. ఇంట్లోవాళ్లు సంగీతం నేర్చుకోమన్నారు. “నాకు గొంతు లేదు, ఓపిక ఉంది. ఓపికతో పనుండే చదువేదైనా ఉంటే చెప్పండి” అంది. అలా ఈ చదువులోకి వచ్చింది. మణికట్టు విరిగి, కట్టు విప్పాక చెయ్యి తిరగడం లేదని వచ్చిన ఒక లిఫ్ట్ మెకానిక్ ఆమె దగ్గరే వైద్యం చేయించుకుని, ఆమెనే పెళ్లి చేసుకున్నాడు.

“చెయ్యి చూపించుకు రారా అని పంపితే, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాడు” అని అతని తల్లి అప్పట్లో వాడకట్టంతా చెప్పుకుంది.

అత్తగారు చెడ్డమనిషి కాదు. నోరు మాత్రం కాస్త ముందుంటుంది. కోడలి పని గురించి ఎవరైనా అడిగితే “ఒళ్లు పడుతుందిలే” అని తేల్చేసేది. ఇద్దరి మధ్యా గొడవలు లేవు. గొడవపడేంత చనువు కూడా లేదు. ఆమె వంటగది ఆమెది, ఈమె ముందుగది ఈమెది.

ముందుగదిలో కిటికీ పక్కన మేజా మీద ఒక కంప్యూటరు ఉంది. మడిచే రకం. తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపిస్తుంది. రోగి వెళ్లగానే ఆమె ఆ రోజు ఏం చేసిందో, చెయ్యి ఎంతదాకా లేచిందో, నొప్పి ఎక్కడ ఆగిందో అందులో రాసిపెడుతుంది. అలసిపోయిన రోజున టైపు చెయ్యకుండా నోటితో చెప్పి రికార్డు చేస్తుంది. పేర్లు రాయదు. లారీ డ్రైవరు మోకాలు, టీచరుగారి మెడ, ఇలా వృత్తితోనో అవయవంతోనో గుర్తు. మళ్లీ కావలసివచ్చినప్పుడు ఫోల్డర్లలో పడి వెతకదు. సెర్చ్‌లో ఒక మాట కొడుతుంది, కావలసింది వచ్చి నిలబడుతుంది. కళ్లున్నవాళ్లు వెతుక్కుంటారు, ఆమె పిలిపించుకుంటుంది. ఇన్నేళ్లూ అలాగే గడిచింది.

ఒక సోమవారం ఉదయం ఒక ముసలి వడ్రంగి వచ్చాడు.

“డాక్టరమ్మా, అప్పట్లో మీరు బాగుచేసిన భుజమే. మళ్లీ మొదలైంది. చిత్రిక పట్టబోతే ప్రాణం పోతోంది” అన్నాడు.

ఆమె భుజం మీద చెయ్యి వేసింది. వేళ్లకు ఆ భుజం గుర్తుంది. ఒక కదలిక ఆ భుజానికి అస్సలు పడలేదని కూడా గుర్తుంది. ఏ కదలికో గుర్తుకు రావడం లేదు. “ఒక్క నిమిషం కూర్చోండి బాబాయ్‌గారూ” అని కంప్యూటరు దగ్గరికి వెళ్లి ‘భుజం’ అని కొట్టింది.

“ఫలితాలు లేవు” అంది కంప్యూటరు.

‘వడ్రంగి’ అని కొట్టింది. లేవు. ‘మోకాలు’. లేవు. మోకాళ్ల వైద్యంతోనే సగం బతుకు గడిచిన మనిషికి మోకాలు లేదంటే గుండె జారదా? అయినా అంచనా మీద ఆ భుజాన్ని తిప్పడం ఆమె వల్ల కాదు.

“బాబాయ్‌గారూ, మీ పాత వివరాలు దొరకడం లేదు. చూడకుండా చెయ్యి వెయ్యలేను. ఈపూటకి వేడి కాపడం పెట్టి పంపిస్తాను, రేపు రాగలరా?”

“రాక ఎక్కడికి పోతాను తల్లీ, రంపం పట్టే చెయ్యే లేనప్పుడు” అన్నాడాయన, సణుగుతూనే.

ఆయన వెళ్లాక ఆమె తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. రోగి వచ్చినప్పుడు ఆమె ముందు నొప్పి ఉన్న చోట ముట్టుకోదు, నొప్పి లేనిచోట మొదలుపెట్టి అటు వస్తుంది. అదే పద్ధతిలో పోయింది. నిన్న రాత్రి టైపు చేసి డెస్క్‌టాప్ మీదే ఉంచిన చీటీ పేరు కొట్టింది. వచ్చింది. అంటే సెర్చ్ చావలేదు, సగం మూగబోయింది. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. అదే వరస. సెర్చ్ నడిపించే సర్వీసు లోపల నడుస్తోందా అని చూసింది. నడుస్తోంది. ఇక ఫైళ్లే పోయాయా? బాణం మీటలు నొక్కుకుంటూ ఒక్కో ఫోల్డరు విప్పించుకుంటూ పోతే, పాత డిస్కులో రోగుల ఫోల్డర్లన్నీ ఖాళీ.

భర్తకు ఫోన్ చేసింది.

“అయ్యో, చెప్పడం మర్చిపోయాను. పాత డిస్కు నిండిపోయిందన్నావుగా. ఆదివారం కొత్త డిస్కు బిగించి అన్నీ అందులోకి మార్చేశాను. నీకు హాయిగా ఉంటుందని” అన్నాడతను. వెనక ఎక్కడో లిఫ్టు తలుపు కిర్రుమంది.

“హాయిగానే ఉందండీ. పొద్దుట్నించీ చెమటలు పడుతున్నాయి” అంది. కొత్త డిస్కులోకి వెళ్లి చూసింది. ఫైళ్లన్నీ ఉన్నాయి, తెరిస్తే తెరుచుకుంటున్నాయి. ఒక్కటీ పోలేదు. అయినా ‘భుజం’ అని కొడితే మాత్రం మళ్లీ అదే జవాబు.

కంప్యూటరు షాపతనికి ఫోన్ చేస్తే అతను ఓపిగ్గా చెప్పాడు. “సెర్చ్ కొట్టినప్పుడల్లా అది డిస్కంతా తిరగదు మేడం. ఏది ఎక్కడుందో ముందే ఒక ఇండెక్స్ కట్టుకుని, అందులో చూసి చెప్తుంది. కొత్త డిస్కు సంగతి దానికెవరూ చెప్పలేదు. ఇండెక్స్ సెట్టింగుల్లో ఆ డిస్కుని కలపండి. కలిపి, ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టమనండి. పాతది చెరుపుతానంటుంది, భయపడకండి. చెరిపేది ఇండెక్స్‌నే, ఫైళ్లని కాదు. అది కట్టుకునేటప్పుడు మాత్రం దాన్ని కదిలించకండి, మీరు దాంట్లో పనిచేస్తుంటే కట్టడం నిదానిస్తుంది.”

ఆమె అలాగే చేసింది. ‘చెరపమంటారా?’ అని గొంతు అడిగినప్పుడు వేలు ఒక క్షణం ఆగింది. నొక్కింది. చేర్చిన ఫైళ్ల సంఖ్య పెరగసాగింది. మధ్యాహ్నం రోగులిద్దరిని చూసుకుని వచ్చి మళ్లీ వింది. సంఖ్య ఒకచోట ఆగింది. కాసేపాగి వింది. అదే సంఖ్య. ఇంకాసేపటికీ అదే. కింద ఇంకేదో చిన్న వరస ఉన్నట్టుంది గానీ, గొంతు దాన్ని చదవకుండా దాటేస్తోంది.

వంటగదిలో ప్లగ్గు ఖాళీ లేక, ఆ పూట ఆ గదిలోనే గోడవారన అత్తగారు ఇస్త్రీ చేస్తోంది. కోడలికి ఒకటి అడగాలంటే మొహమాటం. అయినా అడిగింది.

“అత్తయ్యా, ఒక్కసారి ఇటొచ్చి ఈ తెర మీద, అంకె కింద ఏం రాసుందో చదువుతారా?”

అత్తగారు కళ్లద్దాలు వెతుక్కుని, తుడుచుకుని, తెర మీదికి వంగింది. “చీమ తలకాయంత అక్షరాలు. ఎవరి కోసం రాశారో! ఉండు... బ్యాటరీ... ఆదా కోసం... పని ఆపబడింది. ఏమిటే అమ్మాయ్, ఆదా చెయ్యమని నువ్వు చెప్పావా?”

“లేదే! ప్లగ్గు పెట్టే ఉందిగా?”

అత్తగారు గోడ వైపు నడిచిన చప్పుడు, ఒక ప్లగ్గు లాగిన చప్పుడు, ఇంకోటి పెట్టిన చప్పుడు.

“అమ్మాయ్, దొంగ దొరికాడు.”

“ఎవరత్తయ్యా?”

“ఇస్త్రీ పెట్టె. నీ కంప్యూటరు తీగ పీకి దీని తీగ పెట్టింది నేనే.”

ప్లగ్గు ఊడినప్పుడు కంప్యూటరు చిన్న చప్పుడు చేసే ఉంటుంది. పక్కషాపులో సుత్తి మోతకి వినపడి ఉండదు. కోడలికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఆగలేదు. తిట్టు పడుతుందని సిద్ధపడ్డ అత్తగారు ముందు బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వింది.

“ఇంతకీ ఏం వెతుకుతున్నావే పొద్దుట్నించీ?”

కోడలు చెప్పింది. అత్తగారు విని, “అంటే గిన్నె అటక మీద భద్రంగానే ఉంది. ఏ గిన్నె ఎక్కడుందో చెప్పే మనిషికి ఆ సంగతి తెలీదు. అంతేగా?” అంది.

“అంతే అత్తయ్యా.”

“దానికింత రాద్ధాంతమా!” అంది గానీ లేచి వెళ్లలేదు. స్టూలు లాక్కుని తెర ముందే కూర్చుంది. పొయ్యి మీద పాలు పెట్టి కాపలా కాసినట్టు కాపలా కాసింది. అంకె పెరిగినప్పుడల్లా గట్టిగా చదివింది. మధ్యలో కోడల్ని తన పుట్టింటి సంగతులు అడిగింది. చూపు పోయిన కొత్తల్లో భయమేసేదా అని కూడా అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ అడగలేదు.

“భయం కన్నా విసుగు ఎక్కువ ఉండేదండీ. అందరూ నా చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు, నేను ఎటు పోవాలనుకుంటున్నానో అడక్కుండా” అంది కోడలు. ఆ తర్వాతి అంకె చదవడం అత్తగారు మర్చిపోయింది.

పొద్దు వాలేలోగా ఇండెక్స్ పూర్తయింది. ‘భుజం’ అని కొట్టగానే భుజాలన్నీ బిలబిలా వచ్చాయి. ఆమె ఒక్కొక్కటే విని, చివరికి మొహం ముడుచుకుంది. వడ్రంగి లేడు.

“మళ్లీ ఏమైంది?” అంది అత్తగారు, ప్లగ్గు వైపు అనుమానంగా చూస్తూ.

“ఇది మీ తప్పు కాదు, నాది. ఆయనవి టైపు చెయ్యలేదనుకుంటా, నోటితో చెప్పాను. గొంతులో ఏముందో దీనికి తెలీదు, పైన పెట్టిన పేరొక్కటే తెలుసు. నేనేమో బద్ధకించి అన్నింటికీ ‘రికార్డింగ్’ అనే పేరు వదిలేశాను. ఇక వినడమే దారి.”

“అయితే పెట్టు. నాకూ ఉన్నాయి చెవులు.”

“వీటిలో పేర్లుండవు. అయినా విన్నది ఇక్కడే మర్చిపోవాలి అత్తయ్యా.”

“మర్చిపోవడం నాకొకరు నేర్పాలా? వయసే నేర్పింది.”

ఒక్కోటి పెట్టసాగింది. కోడలి గొంతే, అలసిపోయి, రోజు చివర్న పలికిన గొంతు. ‘ఈరోజు చెయ్యి నోటిదాకా వచ్చింది. తన చేత్తో తను ఒక ముద్ద తిన్నాడు. వాళ్లావిడ బయటికెళ్లి ఏడ్చింది.’ ఇంకోటి: ‘మోకాలు వంగలేదు. ఆమె నన్ను తిట్టింది. తిట్టనీ, తిట్టేటప్పుడు ఊపిరి బాగా తీసుకుంటోంది.’ ఇంకోటి: ‘ఇక నావల్ల కాదన్నాడు. రేపొక్కరోజు రమ్మన్నాను. రేపు వస్తే ఎల్లుండీ వస్తాడు.’

అత్తగారు చీర చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. అద్దాలకు ఏ మరకా లేదు.

“ఒళ్లు పట్టడమనుకున్నానే నేను” అంది మెల్లగా.

“ఒళ్లు పట్టడమే అత్తయ్యా. కాస్త ఎక్కువసేపు పడతాను, అంతే.”

దీపాలు పెట్టాక వడ్రంగి దొరికాడు. ‘వడ్రంగి భుజం. చెయ్యి వీపు వెనక్కి తిప్పించాను. పొరపాటు చేశాను, ఆయన ఆ రాత్రంతా నిద్రపోలేదట. ఆయన్ని పక్కకు పడుకోబెట్టి, మోచెయ్యి ఆనించి, చెయ్యి ముందుకే లేపాలి.’ ఆమె దాన్ని ఇంకోసారి విని తల ఊపింది. వేళ్లు అప్పుడే గాల్లో ఆ కదలిక చేసి చూసుకుంటున్నాయి.

మర్నాడు వడ్రంగిని పక్కకు పడుకోబెట్టి మొదలుపెట్టింది. మొదటి వారం భుజం మాట వినలేదు. తర్వాత విన్నది. వర్షాలు మొదలయ్యేసరికి ఆయన మళ్లీ చిత్రిక పట్టాడు. కృతజ్ఞతగా ఒక స్టూలు చేసుకొచ్చి, “పెద్దమ్మగారు ఆ పాత స్టూలు మీద ఊగుతూ కూర్చుంటున్నారు, చూడలేకపోయాను” అని గది మూలన పెట్టి వెళ్లాడు.

పెద్దమ్మగారికి ఇప్పుడు ఆ గదిలో పనుంది. మధ్యాహ్నాలు పాత రికార్డింగులు వింటూ ఒక్కోదానికి పేరు మారుస్తోంది. ఒక వేలితో, అక్షరానికి ఒకసారి కళ్లద్దాలు సర్దుకుంటూ. ఆమె పేర్లు పెట్టే తీరే వేరు. ‘పాపం లారీ డ్రైవరు ఎడమ మోకాలు’, ‘పాపం చిన్నపిల్ల పాదం, బాగయింది’.

“అత్తయ్యా, ‘పాపం’ అని కొడితే సగం ఊరు వచ్చేస్తోంది” అని కోడలు ఒకరోజు మొత్తుకుంది.

“సగమేనా? మిగతావాళ్లకి పెట్టడం మర్చిపోయి ఉంటాను” అంది అత్తగారు.

భర్త ఇప్పుడు కంప్యూటరులో ఏది కదిపినా ముందు ఇద్దరికీ చెబుతున్నాడు. మొన్న పక్షవాతంతో మాట పడిపోయిన ఒకావిడను కూతురు చేయి పట్టుకుని తీసుకొచ్చింది. కూతురు గుమ్మంలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తగారు ఎదురెళ్లి ఆమెను కొత్త స్టూలు మీద కూర్చోబెట్టి, “మా కోడలు తొందరపడదమ్మా. నువ్వూ పడకు” అంది. తర్వాత రోగి వైపు తిరిగి, “ఎటు కూర్చుంటావు తల్లీ, కిటికీ వైపా, గోడ వైపా?” అని అడిగింది. ఆవిడ చాలాసేపు ప్రయత్నించి, మంచి చేత్తో కిటికీ చూపించింది.

కోడలు అప్పటికే అరచేతులు రుద్దుకుని వేడి చేసుకుంటోంది.