రెండుసార్లు కట్టిన వరుస

స్కాన్ బాగానే ఉంటే ఇంక జబ్బెక్కడిదని ఇంకోసారి అనకండి. నిన్న సైకిల్ షాపులో పాత ట్యూబు కోస్తుంటే ఆ రబ్బరు వాసనకు నర్సింహ మామ గుర్తొచ్చాడు, ఆ మాట అనేవాళ్ల మీద మళ్లీ కోపమొచ్చింది. మామ మా మేనత్త భర్త, పోచంపల్లిలో నేతపని. రంగు పట్టకూడని చోట నూలుకు ట్యూబు ముక్కలు బిగించి కట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

బండి జారి తలకు దెబ్బ తగిలింది. కుట్లు పడ్డాయి, నెల తిరక్కుండానే పనిలోకి దిగాడు. రెండేళ్ల తర్వాత తలనొప్పులు, వెలుతురంటే చిరాకు, అడిగిందే అడగడం మొదలయ్యాయి. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. పని ఎగ్గొట్టడానికి వేషాలని వాడకట్టంతా అంది, అత్త కూడా అంది. సెలవులకు హైదరాబాద్ నుంచి వెళ్లిన నేను ఫోన్‌లోంచి తలెత్తకుండానే విసుక్కున్నాను: "ఎన్నిసార్లు అడుగుతవ్ మామా?"

ఆయన తిట్టలేదు. నూలు బిగించిన చట్రం దగ్గర కూర్చోబెట్టాడు. "ఫోన్ పక్కకు పెట్టకు బిడ్డా. నా చేతులు వీడియో తియ్యి. రేపు నేను గిట్ల కట్టలే అంటే నాకే సూపియ్యి."

"నీ మీద నీకే నమ్మకం లేదా?"

"చేతుల మీదున్నది. తల మీదనే లేదు."

ఆ నూలుకు రంగు వేసి విప్పితే, ఎర్రగా రావాల్సిన చోట తెల్లటి చార. అత్త నెత్తి కొట్టుకుంది. వీడియో వెనక్కి జరిపి చూశాం. ఒక వరుస కట్టి, నిమిరి, దాని పక్కనే మళ్లీ అదే వరుస కట్టాడు. మొహంలో అనుమానమైనా లేదు. అత్త చెప్పులేసుకుంది. ముగ్గురం పట్నం బస్సెక్కాం. నరాల డాక్టరు వీడియో మొత్తం చూశాడు. పైన గాయం మానినా కొందరికి మెదడులో వాపు ఏళ్ల తరబడి ఉండిపోతుందని, మామూలు స్కాన్‌లో కనబడకపోవచ్చని, మామది అదే కావొచ్చని చెప్పాడు. పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేదు.

తిరుగు బస్సులో మామ అత్తను చూసి నవ్వాడు. "ఇగ నన్ను వేషగాడు అననీకి లేదు నీకు."

మర్నాటి నుంచి వరుస కట్టగానే చట్రం మీద సుద్దగీత గీసేవాడు. తల బరువెక్కితే ఆగేవాడు, ఆ బరువు దిగగానే మళ్లీ కూర్చునేవాడు. చెడిన నూలు పారేయనివ్వలేదు, దానితోనే నాకు చున్నీ నేశాడు. ఇప్పుడు ఎవరైనా ఒకే మాట రెండోసారి అడిగితే, నోటిదాకా వచ్చింది మింగి, మొదటిసారి విన్నట్టే జవాబు చెబుతున్నాను. ఆ తెల్ల చార నా భుజం మీదే ఉంది. దగ్గరికొచ్చి చూడండి. చూశాక కూడా వేషాలే అంటారా?