బాప్తిస్మం రిజిస్టరులో మా ముత్తాత

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మెట్రోలో తెలిసింది. వైశాలిలో ఎక్కి ఇంకా సరిగ్గా నిలదొక్కుకోలేదు, మయూర్ విహార్‌లో ఆవిడ పక్క ఫ్లాటు ఆంటీ ఫోను చేసింది. "బేటా, మౌసీజీ నహీ రహీ" అంది. నిద్రలోనే పోయిందట. ఆనంద్ విహార్‌లో దిగి లైను మారాను. అక్కడ ఎస్కలేటర్ మీద నా మనసులోకి మొట్టమొదట వచ్చిన మాటేమిటో చెప్పకుండా ఈ స్మృతి రాయడం కుదరదు. "ఇక ఆ పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడిగేవాళ్లు లేరు" అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. గుంటూరు వైపు నుంచి నర్సింగ్ చదువుకుని, ఢిల్లీలో ఆసుపత్రి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. సర్వీసంతా సరోజినీ నగర్ క్వార్టర్స్‌లోనే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "డ్యూటీ చార్టులో ఖాళీ దొరకలేదురా" అనేది. నేను ఉద్యోగానికి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆవిడ దగ్గరే ఉన్నాను. మార్కెట్లో నాకు చొక్కా కొనాలంటే ముందు దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూసేది. కొట్టువాడు విసుక్కుంటే "పైకి అన్నీ బాగానే ఉంటాయి భయ్యా" అని తెలుగులోనే అనేసేది. వాడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా "జీ ఆంటీజీ" అనేవాడు.

నోరు మాత్రం మెత్తనిది కాదు. ఎవరేం చెప్పినా "నీకెవరు చెప్పారు? వాళ్లకెవరు చెప్పారు?" అని నిలదీసేది. ఫలానా వాళ్లబ్బాయికి సంబంధం కుదిరిందట అన్నా అదే ప్రశ్న. అందుకే చుట్టాల్లో చాలామంది ఆవిడ ముందు కబుర్లు చెప్పడం మానుకున్నారు. ఇది వార్డులో అబ్బిన అలవాటని ఆవిడే ఒప్పుకునేది. పేషెంటుకి మందు ఇచ్చి కూడా షీటులో రాయకపోతే ఇవ్వనట్టేనట. "ఇచ్చానని ఎన్ని ఒట్లు పెట్టుకున్నా తర్వాతి డ్యూటీకొచ్చే పిల్లకి ఎలా తెలుస్తుందిరా" అనేది.

రిటైరయ్యాక మయూర్ విహార్‌లో ఫ్లాటు తీసుకుంది. అక్కడే ఆవిడకి కుటుంబ చరిత్ర పుస్తకం రాయాలన్న పిచ్చి పట్టుకుంది. మా చుట్టాల్లో అంతకు ముందూ ఆ పని చేసినవాళ్లున్నారు. వాళ్లు భోజనాలయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, గుర్తొచ్చినంత రాసుకునేవారు. ఈవిడ రైలెక్కింది. చిన్నప్పుడు తనకి బాప్తిస్మం ఇచ్చిన చర్చికి, తన తల్లిదండ్రుల పెళ్లి జరిగిన చర్చికి వెళ్లి పాత రిజిస్టర్లు తీయించింది. కళ్లకు శుక్లాలు మొదలవడంతో చదివి పెట్టడానికి నన్ను వెంట తీసుకెళ్లేది.

ఆ పాత రిజిస్టర్ల ముందు ఆవిడ కూర్చునే తీరు ఇప్పటికీ కళ్లముందు ఉంది. చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పాస్టరమ్మగారు ఆప్యాయంగా టీ తెచ్చిస్తే దాన్ని దూరంగా కిటికీలో పెట్టించేది. పెన్ను తీస్తే నా చేతిమీద ఒక్కటిచ్చేది, అక్కడ పెన్సిలే వాడాలి. ముందుగా రాసుకోవాల్సింది అందులో ఏముందో కాదు. ఏ చర్చి, ఏ ఊరు, బాప్తిస్మాలదా పెళ్లిళ్లదా భూస్థాపనలదా, ఏ సంవత్సరాలది, ఎన్నో పేజీ, ఎన్నో వరుస, మనం చూసింది అసలుదా నకలా, ఎవరు చూపించారు, ఏ రోజున చూశాం. "ముందు ఇంటి అడ్రసు. ఆ ఇంట్లో ఏం వండుకున్నారన్నది తర్వాత" అనేది.

నేను ఐటీ కంపెనీలో రిపోర్టులు రాసే మనిషిని. ఇదంతా నాకు చాదస్తంగా అనిపించేది. ఒకసారి బాప్తిస్మం రిజిస్టరులో ఉన్న పుట్టిన తేదీని నేరుగా రాసేస్తుంటే ఆపింది. "పాస్టరుగారు కళ్లారా చూసింది బాప్తిస్మాన్ని. దానికి ఈ రిజిస్టరు గట్టి సాక్షి. పుట్టింది ఎప్పుడో ఆయన చూశాడా? తల్లో మేనత్తో చెబితే రాసుకున్నాడు. రెండింటినీ ఒకే గాటన కట్టకు." ఆవిడ విషయమే చూడండి. సర్వీసు పుస్తకంలో ఒక పుట్టిన తేదీ, చర్చిలో ఇంకొకటి. బడిలో వేసినప్పుడు మేష్టారు తనకు తోచింది రాశాడట. ఏది నిజమంటే "రెండూ రాయి, ఎక్కడ ఏముందో రాయి. తీర్పు నీ పని కాదు" అంది. కేకు మాత్రం రెండు రోజులూ తినేది.

ఇక మా ముత్తాత సంగతి. ఆయన పెద్దమ్మకు నాన్న తండ్రి. మా ఇంట్లో ఆయన గురించి అందరికీ కంఠతా వచ్చిన కథ ఒకటుంది. ఆయన బ్రాహ్మణ పండితుడట. మిషనరీ దొరతో వాదానికి దిగి, ఓడిపోయి, ఆ రోజే బాప్తిస్మం తీసుకున్నాడట. ఈ కథ నాకు ఢిల్లీలో బాగా అక్కరకొచ్చింది. వైశాలిలో మా ఫ్లాట్ల సొసైటీకి చెందిన ఒకాయన లిఫ్టులో పరిచయం అయిన కొత్తలోనే "క్రిస్టియన్ హై? అచ్ఛా. పహలే క్యా థే ఆప్ లోగ్?" అని అడిగాడు. అంతకు ముందు మీరేమిటని. నేను వెంటనే "బ్రాహ్మిన్" అన్నాను. ఆయన మొహం విచ్చుకుంది. అప్పటినుంచీ దీపావళికి మా ఇంటికి మిఠాయి డబ్బా వస్తోంది.

ముత్తాత బాప్తిస్మం నమోదు మా ఊరి చర్చిలో దొరికింది. పేరు, తండ్రి పేరు, పల్లె పేరు అన్నీ సరిపోయాయి. ఆ పక్కన కులం గడిలో మాదిగ అనీ, వృత్తి గడిలో తోలుపని అనీ ఉంది. గట్టిగా చదవమని పెద్దమ్మ అంటే నేను గొంతు తగ్గించి చదివాను. "వినపడలేదు, మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను. ఆవిడ పెన్సిలుతో పొందిగ్గా రాసుకుంది.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. నేనే కదిపాను.

"పెద్దమ్మా, ఆ గడి కూడా పుస్తకంలో వెయ్యాలంటావా?"

"ఏ గడి?"

"తెలీనట్టు అడక్కు. కులం గడి."

"నువ్వు చూశావా లేదా?"

"చూశాను. దొర పొరపాటున రాశాడేమో. మన కులాలు వాళ్లకేం తెలుసు?"

"అయ్యుండొచ్చు. పొరపాటని చెప్పే కాగితం ఇంకోటి తే, పక్కన వేద్దాం. అది దొరక్కపోతే చెప్పు, 'మునిమనవడికి నచ్చలేదు' అని అడుగున చిన్నక్షరాల్లో వేస్తా."

నేను నవ్వలేదు. ఆవిడే అంది. "ఆ పండితుడి కథ నేనూ చెప్పేదాన్నిరా. నర్సింగ్ హాస్టల్లో చెప్పాను, క్వార్టర్స్‌లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మా తాతని గుమ్మం బయట నిలబెట్టి తలుపేసుకున్నట్టు ఉండేది. ఆయన్ని ఇప్పుడన్నా లోపలికి రమ్మందామని ఉంది." ఒలిచిన గింజలు నా చేతిలో పోసింది. నేను తిన్నాను.

పుస్తకం టైపు చేసే పని నాది. శనివారాలు ఆవిడ ఫ్లాటుకి వెళ్లి చేసేవాణ్ణి. ప్రతి పేజీ అడుగునా, ఏ మాట ఏ రిజిస్టరు నుంచి తీసుకున్నదో చిన్నక్షరాల్లో ఉండాలి. ముత్తాత పేజీ దగ్గరికొచ్చేసరికి చుట్టాల వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. పిల్లల సంబంధాలు చెడతాయన్నారు కొందరు. ముసలావిడకి మతి పోయిందన్నారు ఇంకొందరు. నేను ఎవరినీ కాదనలేదు, ఎవరికీ ఔనని చెప్పలేదు. ప్రూఫు చూస్తున్నానంటూ నెలలు గడిపాను. పెద్దమ్మ ఫోనులో "ఎంతవరకు వచ్చిందిరా?" అనేది. "అవుతోంది పెద్దమ్మా" అనేవాణ్ణి. నేను నాన్చుతున్నానని ఆవిడకి తెలుసు. తెలిసీ నన్నెప్పుడూ దెబ్బలాడలేదు. అందరి మీదా లేచే ఆ నోరు నా దగ్గర ఎందుకు ఊరుకుందో తలుచుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను.

భూస్థాపనకి మావయ్య, అంటే పెద్దమ్మ తమ్ముడు, హైదరాబాద్ నుంచి విమానంలో వచ్చాడు. మన చర్చిల్లో పెట్టె ముందు నిలబడి ఇంటివాళ్లు పోయినవారి జీవిత విశేషాలు చదువుతారు కదా, ఆ కాగితం ఆయనే తయారుచేసి నా చేతిలో పెట్టాడు. అందులో ఉంది ఆ వాక్యం. బ్రాహ్మణ పండిత వంశంలో పుట్టి, సత్యాన్ని ఎరిగి, ప్రభువును అంగీకరించిన మహనీయుని మనవరాలు అని.

"మావయ్యా, ఇది..."

"ఇప్పుడేం గొడవ పెట్టకురా. పదిమందీ ఉన్నారు. చదివెయ్."

ఆ పదిమందిలో మా సొసైటీ ఆయన కూడా ఉన్నాడు. ముందు వరసల్లో, తల మీద జేబురుమాలు కప్పుకుని వినయంగా కూర్చున్నాడు. ఆయనకి తెలుగు రాదు, బ్రాహ్మణ అన్న మాట మాత్రం తెలుస్తుంది. నేను ఆ వాక్యం వదిలేసి పక్క దానికి వెళ్లి ఉండొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. చదివాను. గొంతు తడబడలేదు కూడా. పెట్టె మూత ఇంకా తీసే ఉంది. కార్యక్రమం అయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకుని "ఖాందానీ లోగ్ హై ఆప్" అన్నాడు, మీరు గొప్ప వంశంవాళ్లని. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

శ్మశానం నుంచి వచ్చాక పాస్టరుగారు తన గదిలోకి పిలిచి భూస్థాపనల రిజిస్టరు తెరిచారు. పుట్టిన తేదీ అడిగితే రెండూ చెప్పి, ఏది ఎక్కడుందో కూడా రాయించాను. ఆ రోజు నేను సరిగా చేసిన పని అదొక్కటే. తర్వాత ఆయన మావయ్య కాగితం అడిగి తీసుకున్నారు.

"మా సంఘంలో చదివిన జీవిత విశేషాలన్నీ ఫైల్లో దాస్తామండీ. ముందు ముందు మీ పిల్లలెవరైనా వెతుక్కుంటే పనికొస్తాయి. చదివినవారని అడుగున సంతకం పెట్టండి, తేదీ కూడా."

పెట్టాను. రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కాక గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. ఇన్నాళ్లూ అది భోజనాల దగ్గర చెప్పుకునే కథ. ఇప్పుడు దానికో చర్చి ఉంది, ఫైలు ఉంది, తేదీ ఉంది, పెద్దమ్మ వెంట ఊళ్లు తిరిగిన నా సంతకం ఉంది. రేపు మా వంశం గురించి రాసేవాళ్లెవరైనా చక్కగా పేజీ అడుగున మూలం చూపించి మరీ ఆ అబద్ధం రాసుకోవచ్చు. ఆవిడ నాకు నేర్పిన పద్ధతిలోనే రాసుకోవచ్చు.

కొన్నాళ్లకు చర్చిలో ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకి నేను నా కాగితం రాసుకుని వెళ్లాను. పెద్దమ్మ తాత ఎవరో, ఏ కులమో, ఏ పని చేసి బతికాడో, అది ఏ చర్చిలో ఏ రిజిస్టరులో ఎన్నో పేజీలో ఉందో, చదివింది ఎవరో, పక్కనుండి రాసుకున్నది ఎవరో రాశాను. కిందటిసారి నేను చదివింది నిజం కాదని, చదువుతున్నప్పుడే నాకు ఆ సంగతి తెలుసని రాశాను. నిలబడి చదివాను. మావయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇందులో నా ధైర్యమేదో ఉందని అనుకోకండి, ఆ రోజు మా సొసైటీ ఆయన రాలేదు. పెద్దమ్మ పుస్తకం, ముత్తాత పేజీతో సహా, ఈ నెలలో ప్రెస్సుకి ఇచ్చాను. ఒక ప్రతి ఆ సొసైటీ ఆయన ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి. ఇస్తానని ఇక్కడ అచ్చులో రాస్తున్నాను, ఎందుకంటే నా మాట మీద నాకే నమ్మకం లేదు.

కూడిక అయ్యాక పాస్టరుగారి గదికి వెళ్లాను.

"అయ్యగారూ, పాత కాగితం తీసేసి ఇది పెట్టండి."

"పెట్టిన కాగితం తీయకూడదండీ. రెండూ ఉంటాయి."

"పోనీ ఇది పైన పెట్టండి."

"పైన ఎలా పెడతానండీ, తేదీ వరుస కదా" అన్నారాయన. నా మొహం చూసి జాలిపడ్డారు గానీ వరుస మార్చలేదు.

ముందు నేను సంతకం పెట్టిన అబద్ధం, దాని కింద నా కాగితం. ఆయన రెండింటి అంచులూ బల్ల మీద తట్టి సమానం చేసి, గుండుసూది తీసి గుచ్చారు. అది పై కాగితంలో నా సంతకం పక్కన దిగి, కింది కాగితంలో మా ముత్తాత పేరు పక్కన బయటికొచ్చింది.