నది అవతల చెల్లని బండి

కొలరాడో నదికి అరిజోనా వైపున ఉన్న ఒక షోరూమ్‌లో మార్వా టాలివర్ బళ్లు అమ్మేది. భర్త పోయాక ఆమె ఇల్లు గడిచింది ఆ ఉద్యోగం మీదే. అవతలి ఒడ్డు కాలిఫోర్నియా. అక్కణ్ణుంచి వంతెన దాటి వచ్చేవాళ్లకు ఇక్కడి ధరలు కనిపించేవి గానీ, బండి పొగ విషయంలో తమ రాష్ట్రం పట్టింపు వేరన్న సంగతి తట్టేది కాదు.

ఆ జూలై మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. అవతలి ఒడ్డున నీడిల్స్ ఊరి నుంచి యుసేబియో లుసేరో వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పాత ట్రక్కు ఇంజను పట్టేసింది. మర్నాడు పొద్దున్నే భార్య ఒఫీలియాను గుండె ఆపరేషన్‌కు వేగాస్ ఆసుపత్రికి చేర్చాలి. పొరుగాయన ఇక్కడ దింపి వెళ్లాడు. లుసేరోకు కొత్త ట్రక్కు ఒకటి నచ్చింది. కాగితాలు నింపడానికి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన రాసిన చిరునామా చూసి మార్వా లేచి నిలబడింది. ఆ ట్రక్కు కాలిఫోర్నియా ఒప్పుకునే రకం కాదు. అలాంటి బండి కనీసం ఏడున్నర వేల మైళ్లు తిరిగి ఉంటే తప్ప అక్కడివాళ్ల పేరిట రిజిస్టర్ చేయరు.

యజమాని డ్వైట్ ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఆయన చెల్లెలు ఈ ఊళ్లోనే ఉందట. ఆ అడ్రసు రాయించు. తర్వాత ఆయన తిప్పలు ఆయన పడతాడు."

"దొంగ అడ్రసు కింద ఉండేది ఆయన సంతకం. మీది కాదుగా."

"నీ ఉద్యోగం సంగతి కూడా కాస్త చూసుకో మార్వా."

అయినా ఆమె వెళ్లి ట్రక్కు బానెట్ ఎత్తింది. లోపల అంటించిన పొగ నిబంధనల చీటీ మీద వేలు పెట్టింది.

"పెద్దాయనా, సంతకం చేసేముందు ఇది చదవండి. ఇందులో కాలిఫోర్నియా పేరు లేదు. మీ ఊళ్లో దీనికి నంబరు ప్లేటు ఇవ్వరు."

లుసేరో మొహం కందగడ్డయింది. "ఇంతసేపూ నవ్వుతూ తిప్పి, ఇప్పుడా చెప్పేది? నదికి అటూ ఇటూ వీచేది ఒకటే గాలి కాదూ?"

"గాలి ఒకటేనండీ. చట్టాలే రెండు."

"మరి రేపు మా ఆవిణ్ణి నీ చట్టం మోసుకెళ్తుందా?"

ఆయన పెన్ను విసిరేసి ఎండలోకి నడిచాడు.

"తాళాలు బల్ల మీద పెట్టి నువ్వూ వెళ్లు. ఇక రానక్కర్లేదు," అన్నాడు డ్వైట్.

మార్వా తన కారులో వెనకే వెళ్లేసరికి లుసేరో వంతెన మీద కమ్మీ పట్టుకుని ఆయాసపడుతున్నాడు. మార్వా తలుపు తెరిచింది. "ఎక్కండి. నాతో మాట్లాడక్కర్లేదు." ఆయన ఎక్కి తలుపు ధడాల్న వేసుకున్నాడు. ఇంటి ముందు దిగుతుంటే ఆమే అంది: "రేపు తెల్లారకముందే వస్తాను. ఆవిణ్ణి సిద్ధంగా ఉంచండి."

మర్నాడు కారు ఎడారి దారి పట్టాక, వెనక సీట్లోంచి ఒఫీలియా సన్నగా అంది: "నిన్నంతా నిన్ను తిడుతూనే ఉన్నాడమ్మా. తిట్టి తిట్టి, 'ఆ పిల్ల రాకపోతే ఎలాగే?' అని గుమ్మంలోనే కూర్చున్నాడు."

లుసేరో కిటికీ వైపు తిరిగాడు.

ఒఫీలియా బతికింది. మార్వా మాత్రం చలికాలం దాకా ఖాళీగానే ఉంది. ఆ తర్వాత నీడిల్స్‌లో పాత బళ్లు అమ్మేచోట తక్కువ జీతానికి చేరింది. లుసేరో ఏనాడూ క్షమించమనలేదు. అప్పుడప్పుడు ఒఫీలియా మొక్కజొన్న పిండితో వండిన తమాలెలు తెచ్చి ఆమె ముందు పెట్టి, "తిను, చిక్కిపోయావు," అని వెళ్లిపోయేవాడు.