ఆడవాళ్ల వైపు తాళం

నిన్నటి ఆన్‌లైన్ మీటింగులో ఉన్నవాళ్లు, ఉన్నవి: ఆరు ముఖాలు, మేనేజరు వెనక గోడకు ఒక గిటారు, ఎవరింట్లోదో కుక్కర్ విజిల్, పనిచేయని నా మైకు. నా మాట ఎవరికీ వినపడడం లేదని తెలియగానే చేయి దానంతటదే పైకి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టి, టక్కున విడదీశాను. అందరూ నవ్వారు. అదేం సైగ అని ఒకరడిగారు. పోగు తెగింది, మగ్గం ఆపమని. అది మా మేనత్త సైగ.

సూరత్‌లో, లింబాయత్ సందులో మా ఎదురిల్లే అత్తది. మామ మరమగ్గాలు నడిపేవాడు, అత్త అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. ఆ మోతలో పక్క మనిషి మాట కూడా వినపడదు కాబట్టి అక్కడ దగ్గరివాళ్ల మాట పెదవులు చూసి తెలుసుకుంటారు, దూరమైతే చేతులతో చెప్పుకుంటారు. ఏళ్ల తరబడి అలా బతికిన అత్తకు ఇంట్లోనూ సగమే వినపడేది. కరోనా వచ్చి అందరికీ మాస్కులు కట్టించాక ఆ సగమూ పోయింది. "మూతులు కట్టుకొని మాట్లాడితె నాకేం ఎరుకైతదిరా? జర చేతులన్న ఊపున్రి" అని విసుక్కునేది.

కార్ఖానాలు మూతపడ్డ ఆ ఎండాకాలంలో సందు చివరి ఉమ్మడి మరుగుదొడ్లకూ తాళం పడింది. వారం తిరక్కుండా మగవాళ్ల వైపు తెరిచారు. ఆడవాళ్ల వైపు కడిగే మనిషి ఊరెళ్లిపోయిందని, ఆమె వచ్చాకే తెరుస్తామని వార్డు ఆఫీసులో చెప్పారు. సందులో ఎవరింట్లోనూ సొంత మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లు తెల్లవారకముందే మురుగు కాలువ గట్టుకు కలిసి వెళ్లొచ్చేవారు. అత్త కూతురు, మా వదిన, అప్పుడు నిండు నెలల మనిషి. ఒక సాయంత్రం అత్త మంచినీళ్ల గ్లాసు అందిస్తే వద్దని తలూపింది. చీకట్లో ఆ గట్టెక్కాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచే నీళ్లు ముట్టడం మానేసిందట. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అత్త ఆ గ్లాసు కింద పెట్టి, కాగితం తెమ్మని నాకు సైగ చేసింది.

డిప్లొమా చదివినవాణ్ణి గనక అర్జీ పని నాకు పడింది. గుజరాతీలో, వరుస సంఖ్యలు వేసి చక్కగా రాశాను. వార్డు ఆఫీసరు దాని మీద టీ కప్పు పెట్టుకున్నాడు. రెండోసారి అందరూ కలిసి వెళితే గుంపు కూడదన్నాడు. అరిస్తే, అరవకూడదు, తుంపర్లు పడతాయన్నాడు. అత్త ఇంటికొచ్చి గడపలో కూలబడి కాళ్లు ఒత్తుకుంటూ, "గుంపు వద్దంటడు, ఒర్లుడు వద్దంటడు. మంచిదే, మనకు రెండూ అక్కెర లేదు" అంది.

"మరి ఏం జేస్తవే? ఆయన ముంగట బతుకమ్మ ఆడతవా?" అంది పక్కింటి పెద్దమ్మ.

"లేదక్కా. డ్యూటీల నిలవడ్డట్టు నిలవడుదాం."

ఆఫీసు ముందు రేషన్ వరుస కోసం ఆఫీసువాళ్లే గీయించిన సున్నపు వలయాలున్నాయి. మర్నాడు పొద్దున్నే ఒక్కో వలయంలో ఒక్కో ఆడమనిషి నిలబడింది. మాస్కులున్నాయి, ఎడముంది, నోరు మెదిపినవాళ్లు లేరు. చేతులు మాత్రం కార్ఖానాలోలాగే ఆడుతున్నాయి. ఎండెక్కేకొద్దీ ఆఫీసరు కిటికీలోంచి తొంగిచూడడం ఎక్కువైంది. చివరికి నన్ను లోపలికి పిలిచి, "ఆ లోకో షూ కహే ఛే?" అన్నాడు, వీళ్లేమంటున్నారని. అత్త దగ్గర ఆ సైగలు నేర్చినవాణ్ణి గనక ఉన్నదున్నట్టు చెప్పాను: ఒకామె కాళ్లు లాగుతున్నాయంటోంది, ఇంకొకామె పొయ్యి ఆర్పానో లేదో అంటోంది, పెద్దమ్మ మీరు గుండీలు తప్పు పెట్టుకున్నారంటోంది. ఆయన గబుక్కున చొక్కా చూసుకున్నాడు. నిజమే, తప్పాయి.

అప్పుడు వరుస చివరనున్న అత్త చెయ్యెత్తి వేళ్లు కలిపి విడదీసింది. కార్ఖానాలో ఆ సైగకు ఒక పద్ధతుంది. చూసినవాళ్లు ముందువాళ్లకు అందించాలి, స్విచ్చు దగ్గరున్న మనిషి మగ్గం ఆపేదాకా ఎవరి చేయీ దిగకూడదు. ఒక్కో చేయీ లేస్తూ కిటికీ నీడలో ఉన్న వదిన దాకా వచ్చింది. రావద్దన్నా వినకుండా వచ్చిన మనిషి. ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేయి ఆఫీసరు ముఖానికెదురుగా ఎత్తి ఆ సైగే చేసింది.

"ఇదేమిటి?" అన్నాడాయన.

"పోగు తెగింది సార్. స్విచ్చు దగ్గరున్నవాళ్లు ఆపాలి."

"స్విచ్చు దగ్గరెవరున్నారు?"

నేను కిటికీ వైపు చూపించాను. ఎత్తిన చేతులన్నీ ఆయన వైపే ఉన్నాయి. ఆయన సొరుగు లాగి తాళంచెవి బల్లమీద పడేశాడు. కడిగే మనిషి లేదు, మీరే కడుక్కోండి అన్నాడు.

గెలిచామని ఎవరూ అనలేదు. బకెట్లు, చీపుర్లు, ఫినాయిల్ తెచ్చుకుని మధ్యాహ్నం దాకా కడిగారు. సాయంత్రం వదిన చెంబెడు నీళ్లు గటగటా తాగింది. "నిమ్మళంగ తాగు బిడ్డా, ఎవలూ గుంజుకుంటలేరు" అంది అత్త. కరోనా రెండో అల వచ్చినప్పుడు మళ్లీ తాళం పడింది, మళ్లీ నిలబడ్డారు. తర్వాత నీళ్ల మోటారు కాలింది, ఆ తర్వాత లైట్లు పోయాయి. ప్రతిసారీ అత్త మోకాళ్లు పట్టుకుని లేచి, "పాండ్రి, మల్ల అదే పని" అనేది. ఉద్యమం అన్న మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

నిన్న మీటింగయ్యాక వీడియో కాల్ చేశాను, పెదవులు కనపడేలా ఫోను దగ్గరగా పెట్టుకుని. నవ్వుతుందేమోనని ఆ సైగ చేసి చూపించాను. నవ్వలేదు. "ఇప్పుడేం తెగింది?" అని అలసటగా అడిగింది, చెప్పులకోసం చూస్తూ. వదిన కూతురు బడికి పోతోంది. ఇన్నేళ్లు గడిచాయి గానీ, గడిచిన కాలం దానంతటది ఏ తలుపూ తెరవలేదు. ఆడవాళ్ల వైపు తలుపులు ఆరు. ఇవాళ లోపలి గడియ పడేవి నాలుగే.