రాజు గడప దిగిన కథ

కథ చెప్పడంలో నాకు కొంచెం పొగరే. ఉండదా మరి? ఇప్పుడు పిల్లలకు పాత్ర, సంఘర్షణ, పతాక సన్నివేశం, ముగింపు అని బోర్డు మీద రాసి చెబుతున్నాను గానీ, వాటిని నేను మొదట వాడింది పరీక్షలో కాదు. మా పంచలో, మా నాయన మీద.

కన్నడ సీమలోని నిడుగల్లు కొండ కింద మాది శెనక్కాయ సేద్యం. విత్తే ముందు కాయలు ఒలవడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చేవాళ్లు. కరువు రోజులు, చేతినిండా గింజలు, నోరు ఊరుకుంటుందా? అందుకే ఎవరో ఒకరు కథ చెప్పాలి. కథలో పడితే చేతులు ఆడతాయి, నోళ్లు ఆడవు. ఇంకో పట్టింపు కూడా ఉండేది. విత్తనం దగ్గర మొదలుపెట్టిన కథ సగంలో ఆపితే గింజ మొలవదట.

ఆ ఏడు నేను పదో తరగతి పాసయ్యాను. పావగడ కాలేజీకి పోతానంటే నాయన ఒప్పుకోలేదు. చదివింది చాలు, చేనికి రమ్మన్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను. అయినా నాయన మాట మార్చలేదు.

ఆ మధ్యాహ్నం కథ చెప్పే వంతు నాది. అన్నీ ఉన్న ఒక రాజకుమారి కథ ఎత్తుకున్నాను. కాసేపటికే నమిలే చప్పుడు. ఎవరో కాదు, మా అవ్వే! పాత్రకు ఏదో ఒకటి కావాలి, దానికి ఎవరో అడ్డుపడాలి, అదే సంఘర్షణ అని బడిలో కన్నడ మేడం చెప్పింది గుర్తొచ్చింది. వెంటనే రాజ్యానికి కరువు తెచ్చాను. రాజకుమారికి పక్క ఊళ్లో చదువుకోవాలని ఆశ పెట్టాను. రాజును గడప మీద కూర్చోబెట్టి వద్దనిపించాను.

నమలడం ఆగింది. మా గడప మీద కూర్చుని గింజలు చెరుగుతున్న నాయన చేతిలో చాట కూడా నిదానించింది.

రాజకుమారి మూట కట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. రాజు లేవలేదు. పతాక సన్నివేశం ఇదేనని అక్కడ నోరు మూశాను.

“మళ్లేమైందే?” అంది అవ్వ.

“నాకు తెల్దవ్వా. రాజునే అడుగు.”

అందరూ నాయన వైపు చూశారు. కాయల కుప్ప అయిపోవచ్చింది. సగం కథతో విత్తనం చేనికి పోవాలా? నాయన చాట కింద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“రాజు పక్కకి జరిగినాడు. పాప బస్సెక్కి కాలేజీకి పాయ. కథ అయిపాయ, ఒలవండమ్మా.”

రాజుల కాలంలో బస్సేమిటని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు మొలకలు వచ్చాయి గానీ, వాన మొహం చాటేయడంతో చేలోనే మాడిపోయాయి. కథ ముగించి ఏం లాభం, పిల్లను ఇంట్లోనే పెట్టుకోమని ఊళ్లో చాలామంది చెప్పారు. నాయన వినలేదు. నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా నడిచాడు. అందుకే మా నాయనంటే నాకు ఈనాటికీ గర్వం.

దారిలో ఎదురైనవాళ్లకు ఆయన చెప్పింది ఒకటే మాట.

“వానది వాన ఇష్టం. కథ ముగించింది నేను గదప్పా.”